అమ్మ పెళ్లి క్యాసెట్‌లో దొరికిన ఫ్యాషన్



ఈరోజు ఎపిసోడ్ కోసం ఇంట్లోంచి ఒక వస్తువు తెచ్చాను. ఇదిగో చూడండి. నల్ల ప్లాస్టిక్ డబ్బా, సైజు ఒక చిన్న పుస్తకమంత. పక్కన తెల్ల స్టిక్కర్, దాని మీద బాల్‌పెన్‌తో 'పెళ్లి - 2' అని రాసి ఉంది. వీడియో చూడకుండా ఇది చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నా, నా చేతిలో ఉన్నది వీహెచ్ఎస్ క్యాసెట్. మా అమ్మానాన్నల పెళ్లి, 1996 మాఘ మాసం, సీతాఫల్‌మండిలో మా ఇంటి ముందు గల్లీలో షామియానా వేసి చేశారు. అప్పటికి నేను పుట్టలేదు. పుట్టాక కూడా ఈ క్యాసెట్ చూడలేదు. ఎందుకంటే మా ఇంట్లో ఎప్పుడూ వీసీఆర్ లేదు. పెళ్లయిన కొత్తలో కిరాయికి తెచ్చుకుని రెండుసార్లు చూశారట, అంతే. తర్వాత బీరువా పైన, సూట్‌కేసులో, అట్టపెట్టెలో... అలా తిరుగుతూనే ఉంది.

మనం రెట్రో రెట్రో అంటున్నాం కదా. పఫ్ చేతులు మళ్లీ వచ్చాయి, లూజ్ ప్యాంట్లు వచ్చాయి, శాటిన్ చీరలు వచ్చాయి. రీల్స్‌లో 90ల లుక్ అని ఒక పసుప్పచ్చ ఫిల్టర్ వేసి, చెవికి పెద్ద రింగులు పెట్టి తిరుగుతున్నాం. నేనూ చేశాను, ఆర్ట్స్ కాలేజ్ మెట్ల మీద నిలబడి మరీ చేశాను. మాకు సీతాఫల్‌మండి నుంచి ఎంఎంటీఎస్‌లో ఒక్క స్టేషనే ఆర్ట్స్ కాలేజ్. అది దగ్గరే కాబట్టి ఏ ఫొటో అయినా అక్కడే.

కానీ ఈ క్యాసెట్ చూశాక నాకు ఒకటి అర్థమైంది. మనం సినిమాల్లో చూసి నేర్చుకున్న 90లు వేరు, మన ఇంట్లో జరిగిన 90లు వేరు. ఈరోజు ఆ తేడా గురించే మాట్లాడుకుందాం. మధ్యలో నేను చేసిన రెండు తప్పులు కూడా చెప్తాను. ఒకటి టేపుతో, ఒకటి మనిషితో.

ముందు కెమెరా సంగతి

వీహెచ్ఎస్‌ను జపాన్‌లో జేవీసీ కంపెనీ 1976లో తెచ్చింది. మన దగ్గర 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సమయంలో కలర్ టీవీ ప్రసారాలు మొదలయ్యాయి, ఆ తర్వాత వీసీఆర్‌లు ఇళ్లలోకి రావడం పెరిగింది. దాంతోపాటే పెళ్లి వీడియో అనేది ఒక వృత్తి అయింది. అంతకుముందు 8 మిల్లీమీటర్ల ఫిలిం కెమెరాలు ఉండేవి, కానీ ఆ రీలు కొనడం, కడిగించడం మామూలు ఇంటికి అందే ఖర్చు కాదు. అందుకే మనలో చాలామంది ఇళ్లలో కదులుతున్న బొమ్మలు మొదలయ్యేది 80లు, 90ల పెళ్లి క్యాసెట్‌తోనే. అంతకుముందు అంతా ఫొటో ఆల్బమే.

పెళ్లికి వీడియో ఆయన వస్తే ఒక్కడే రాడు. భుజం మీద పెద్ద కెమెరాతో ఒకాయన, వెనకాల హాలోజన్ లైట్ పట్టుకుని ఒక పిల్లాడు, వాళ్లిద్దరి వెనక కాళ్లకు తగులుతూ వైరు. మా క్యాసెట్‌లో ప్రతి మనిషీ మొదటి రెండు సెకన్లు చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంటాడు. అన్నం తింటున్నవాళ్లు ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఆగిపోతారు. నా ఫ్రెండ్ చూసి 'అందరూ సెల్యూట్ ఎందుకు చేస్తున్నారే' అంది. సెల్యూట్ కాదు, ఆ లైటు దెబ్బ.

మన ఫిల్టర్లలో కనిపించే ఆ పసుపు రంగు కూడా చాలావరకు అదే. హాలోజన్ వెలుగు పసుపు, పగటి వెలుగు నీలం. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఒకదానికి పెట్టి ఇంకోదాంట్లోకి వెళ్తే రంగులన్నీ తేడా కొట్టేస్తాయి. అంటే మనం 'ఆ రోజుల రంగు' అని ముచ్చటపడేది, ఒక పిల్లాడు చెయ్యి నొప్పి పుట్టేదాకా ఎత్తి పట్టుకున్న బల్బు రంగు.

టేపు చెప్పిన అబద్ధం

క్యాసెట్‌లో అమ్మ పెళ్లి చీర మండిపోతున్న ఎరుపు. అంచు ఎక్కడ మొదలైందో తెలీదు. ఎరుపు అలా చీర దాటి పక్కనున్న నాన్న కండువా మీదికి కారిపోతున్నట్టు కనిపిస్తుంది. నేను చూసి 'అబ్బ, ఏం రంగమ్మా ఇది' అన్నాను. అమ్మ నవ్వి, లోపలికి వెళ్లి, ట్రంకు పెట్టెలోంచి ఆ చీర తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అది మెరూన్. ముదురు మెరూన్! అంచు మీద చిన్న చిన్న నెమళ్లున్నాయి. టేపులో ఒక్క నెమలి కూడా కనిపించలేదు.

దీనికి కారణం ఉంది. వీహెచ్ఎస్‌లో అడ్డంగా లెక్కేస్తే దాదాపు 240 గీతల వివరమే పడుతుంది. అది కూడా వెలుగు-నీడల వివరం. రంగుకు కేటాయించిన చోటు దానికంటే చాలా చాలా తక్కువ. అందుకే రంగు తన హద్దుల్లో ఉండదు, పక్కకు పాకుతుంది. ఎరుపైతే అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మన పెళ్లిళ్లలో ఏ రంగు ఎక్కువ? ఎరుపే కదా. సో, పాత వీడియో చూసి 'ఇదీ అప్పటి రంగు' అని బట్ట కొనుక్కుంటే మోసపోతాం. రంగు కోసం ట్రంకు పెట్టె చూడాలి. క్యాసెట్ చూడాల్సింది వేరే వాటికోసం, అవేంటో చెప్తాను.

ఇంకో తమాషా. మా అమ్మమ్మ ఒక పోచంపల్లి చీరలో ఉంది. ఆ డిజైన్ అంచులన్నీ మసక మసకగా ఉన్నాయి. ఇదీ టేపు పనే అనుకున్నాను. కానీ చీర తీసి చూస్తే నిజంగానే మసక. ఇక్కత్ అంటే అదే కదా! నేయకముందే దారాలను కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు, తర్వాత మగ్గం మీద ఆ రంగులు ఒకదానికొకటి కలిసేలా నేస్తారు. ఎంత జాగ్రత్తగా నేసినా డిజైన్ అంచు కత్తిలా తెగదు, ఈకలా ఉంటుంది. ఆ మసకే దాని సంతకం. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రింటు వేసిన నకిలీని పట్టుకోవడానికి కూడా ఈ గుర్తు పనికొస్తుంది. అంచు మరీ నీట్‌గా, గీసినట్టు ఉంటే అనుమానించండి, చీర తిప్పి వెనక వైపు కూడా చూడండి.

ఒకే తాను, ఏడు చొక్కాలు

ఇప్పుడు అసలు విషయం. ఫొటోలో కనిపించనిది, వీడియోలో మాత్రమే కనిపించేది ఏంటి?

ఫొటోకి అందరూ సర్దుకుని నిలబడతారు. వీడియో సర్దుకునే టైం ఇవ్వదు. అందుకే బట్టలు మనుషుల మీద ఎలా కదులుతాయో, ఎక్కడ ఇబ్బంది పెడతాయో అన్నీ కనిపిస్తాయి. మా నాన్న ప్యాంటు నడుము పైన ఎక్కడో, దాదాపు బొడ్డు మీద ఉంది. ముందు వైపు రెండేసి మడతలు, కింద వెడల్పు. ఇప్పుడు మనం 'హై వెయిస్ట్ ప్లీటెడ్' అని డబ్బులు పోసి కొంటున్నదే. కానీ నాన్న అది వేసుకుని బాసింపట్టు వేసుకుని కింద కూర్చుంటాడు, లేస్తాడు, బారాత్‌లో డాన్స్ చేస్తాడు, ఎక్కడా పట్టేయదు. మా అన్న స్కిన్నీ జీన్స్ వేసుకుని మొన్న ఒక పెళ్లిలో భోజనానికి కింద కూర్చోలేకపోయాడు. ఆ మడతలు స్టైల్ కోసమే కాదన్నమాట, కింద కూర్చునే మనుషులకు అవసరం కూడా.

తర్వాత పిల్లలు. షామియానా కింద ఏడుగురు మగపిల్లలు పరిగెడుతుంటారు. ఏడుగురికీ ఒకటే చొక్కా! నీలం మీద తెల్ల గీతలు. స్కూల్ యూనిఫాం అనుకున్నాను. మా మేనమామ చెప్పాడు: 'యూనిఫాం కాదు, జనరల్ బజార్ల ఒక్కటే తాను తెచ్చిన్రు. పెళ్లికి పిల్లలందరికీ దాంట్లకెళ్లే కుట్టిచ్చిన్రు. మిగిలిన ముక్కతోటి గలీబులు కూడా కుట్టిన్రు.' గలీబులంటే దిండు కవర్లు. ఇప్పుడు మనం ఫ్యామిలీ అంతా ఒకే రంగు వేసుకుని 'ట్విన్నింగ్' అంటాం. అప్పుడు దానికి పేరు లేదు, తాను కొంటే చవకగా పడుతుంది, అంతే.

అక్కడి నుంచి నేను క్యాసెట్‌ను ఆపి ఆపి చూడటం మొదలుపెట్టాను. చూస్తే ఇంకోటి దొరికింది. ఆకుపచ్చ జార్జెట్ చీర ఒకటి పొద్దున పెద్దమ్మ మీద ఉంది. అదే చీర సాయంత్రం మా మేనత్త మీద ఉంది. ఒక ముత్యాల దండ ముగ్గురి మెడల్లో తిరిగింది. ఒకే రోజులో! పెళ్లిలో ఫ్యాషన్ అంటే మనిషికో బట్ట కాదు, ఇంటికి కొన్ని బట్టలు. అవి చేతులు మారుతుంటాయి. ఇప్పుడు మనం యాప్‌లో డ్రెస్ రెంటుకు తీసుకుని కొత్తగా కనిపెట్టినట్టు ఫీలవుతున్నాం.

30 ఏళ్ల లెక్క

సరే, మరి ఇవే బట్టలు ఇప్పుడెందుకు బాగున్నాయి? నేను పదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ ఆల్బమ్‌లోని పఫ్ చేతుల జాకెట్టు చూసి పడీ పడీ నవ్వాను. ఇప్పుడు అదే కావాలంటున్నాను. మారింది జాకెట్టు కాదుగా!

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ లేవర్ అని ఒక దుస్తుల చరిత్రకారుడు ఉండేవాడు. 1937లో రాసిన ఒక పుస్తకంలో ఆయన సరదాగా ఒక పట్టిక ఇచ్చాడు. ఒక ఫ్యాషన్ దాని కాలంలో స్మార్ట్‌గా కనిపిస్తుంది. ఒక్క ఏడాది దాటితే పాతగా, 10 ఏళ్లకు వికారంగా, 20 ఏళ్లకు నవ్వు తెప్పించేలా, 30 ఏళ్లకు ముచ్చటగా కనిపిస్తుంది. 100 ఏళ్లు దాటితే రొమాంటిక్, 150 ఏళ్లకు అందం. ఇది సైన్స్ సూత్రమేం కాదు. కానీ లెక్కేసుకోండి. 1996 పెళ్లి. నేను పదో తరగతిలో నవ్వింది 20 ఏళ్ల దగ్గర. ఇప్పుడు ముచ్చటపడుతున్నది 30 ఏళ్ల దగ్గర. నేను ఆయన పట్టిక ప్రకారమే నడుస్తున్నాను, నాకే తెలీకుండా!

దీనికి నా మాట ఒకటి కలుపుతాను. 20 ఏళ్లప్పుడు ఆ బట్ట ఇంకా ఇంట్లోనే ఉంటుంది. అమ్మ ఇంటి పనికి కట్టుకుంటుంది, తుడిచే గుడ్డ అవుతుంది. మన కళ్ల ముందే ఉంటుంది కాబట్టి విలువ తెలీదు. 30 ఏళ్లకు అది ఇంట్లోంచి పోతుంది. పోయాక అడుగుతాం.

మా ఇంట్లో అచ్చం అదే జరిగింది. రిసెప్షన్‌లో నాన్న వేసుకున్న చొక్కా నాకు తెగ నచ్చింది. లూజుగా, పెద్ద పెద్ద పూలు, భుజాలు జారిపోతూ. అడిగితే అమ్మ వంటింట్లోకి చూపించింది. 'గదిగో, ఆ పప్పు డబ్బా.' అర్థం కాలేదు. పాత బట్టలకు స్టీలు సామాన్లు అని గల్లీలో తిరిగేవాళ్లు తెలుసుగా? నాన్న చొక్కా, రెండు ప్యాంట్లు, ఒక నైలెక్స్ చీర ఇస్తే ఆ డబ్బా ఇచ్చారట, అది కూడా గంటసేపు బేరమాడితే. నేను పుట్టినప్పటి నుంచి కందిపప్పు తీస్తున్నది నాన్న చొక్కాలోంచి!

టైలర్ దగ్గర ఒక సాయంత్రం

సరే, చొక్కా పోయింది, జాకెట్టైనా కుట్టించుకుందాం అని ఒక స్క్రీన్‌షాట్ తీసుకుని మా గల్లీ చివర లేడీస్ టైలర్ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, 40 ఏళ్లుగా అదే మిషన్. ఫోన్ దూరంగా పెట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

'బిడ్డా, ఇది నేను కుట్టినదే కావచ్చు,' అన్నాడు. నిజమో అబద్ధమో తెలీదు కానీ నాకు ఒళ్లు జలదరించింది.

తర్వాత ఆయన చెప్పింది మీకూ పనికొస్తుంది. పఫ్ రావాలంటే చేతి పైభాగం, అంటే భుజం దగ్గర కలిసే ఒంపు, మామూలుకంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువ కత్తిరించాలి. ఆ ఎక్కువ గుడ్డను కుచ్చులు పోసి భుజం కుట్టులోకి తేవాలి. కుచ్చు నిలబడాలంటే గుడ్డలో బిగువుండాలి. పట్టు నిలబడుతుంది, గట్టి కాటన్ నిలబడుతుంది. నేను తీసుకెళ్లిన మెత్తటి సాగే గుడ్డ నిలబడదు, నీళ్లల్లో తడిసిన పూరీలా పడిపోతుంది. నిలబెట్టాలంటే లోపల నెట్ ముక్క వేయాలి. 'అప్పుడు అందరూ పట్టే తెచ్చేటోళ్లు, నెట్టు అవసరమే పడకపోయేది,' అన్నాడు.

ఆన్‌లైన్‌లో కొన్న నా పఫ్ టాప్ ఒక్క ఉతుకుకే ఎందుకు చచ్చిపోయిందో అప్పుడు తెలిసింది. ఆకారం డిజైన్‌లో ఉంటే చాలదు, గుడ్డలో కూడా ఉండాలి.

ఇంకో మాట కూడా అన్నాడు. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' వచ్చాక మాధురీ దీక్షిత్ కట్టిన ఊదా రంగు చీర, ఆ జాకెట్టు మోడల్ కావాలని ఆడపిల్లలు క్యాలెండర్ ముక్కలు పట్టుకుని వచ్చేవాళ్లట. వీపు అంత లోతుగా వద్దని వెనకాలే వాళ్ల అమ్మలు వచ్చేవాళ్లట. చివరికి కూతురు అడిగినదానికీ తల్లి ఒప్పుకున్నదానికీ మధ్యలో ఎక్కడో ఈయన కత్తెర ఆగేది. మా క్యాసెట్‌లో సరిగ్గా అలాంటి జాకెట్లు మూడు ఉన్నాయి. ముందు నుంచి మాధురి, వెనక నుంచి అమ్మమ్మ. మన ఇంటి 90లు అంటే నా లెక్కలో అదే. సినిమాకూ ఇంటికీ మధ్య జరిగిన బేరం.

'ఆ డ్రెస్సు నాది కాదే'

ఇప్పుడు మనిషితో చేసిన తప్పు గురించి.

క్యాసెట్‌లో బారాత్ ఉంది. బ్యాండు, పెట్రోమాక్స్ లైట్లు, మధ్యలో మా చిన్నమ్మ డాన్స్. అప్పుడు ఇంటర్ చదువుతోంది. గులాబీ రంగు పంజాబీ డ్రెస్, చున్నీ నిండా చమ్కీ, పెద్ద పెద్ద పఫ్ చేతులు. అప్పుడు అందరూ పంజాబీ డ్రెస్ అనే అనేవాళ్లట. ఎంత బాగుందో చెప్పలేను. ఆ లైటు ఆమె మీద పడితే చమ్కీ అంతా మెరిసింది. నేను ఆ 15 సెకన్లు కత్తిరించి, ఒక పాట పెట్టి, రీల్ వేసేశాను. 'మా చిన్నమ్మ, 1996, ఒరిజినల్ ఫ్యాషన్ ఐకాన్' అని రాశాను. ఎవరినీ అడగలేదు.

సాయంత్రానికి వేలల్లో చూశారు. 'క్వీన్', 'డ్రెస్ ఎక్కడ దొరుకుతుంది' అని కామెంట్లు. నేను గాల్లో ఉన్నాను. రాత్రి చిన్నమ్మ ఫోన్. మెచ్చుకుంటుందనుకున్నాను.

'ఆ డ్రెస్సు నాది కాదే,' అంది. 'పైనింటి అక్కది. నన్నడగకుండ ఎందుకు పెట్టినవ్?'

తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు తార్నాకలో వాళ్లింటికి వెళ్తే మొత్తం చెప్పింది. అక్క పెళ్లికి తనకి కొత్త డ్రెస్ కొనడానికి డబ్బులు మిగల్లేదు. లాలాగూడ వర్క్‌షాప్‌లో తాతయ్య ఒక్క జీతం, ఒక పెళ్లి, ఐదుగురు పిల్లలు. ఇంటి ఓనర్ వాళ్ల అమ్మాయి తన కొత్త డ్రెస్ ఇచ్చింది, ఒక్క రాత్రికి. బారాత్‌లో ఎవరో చల్లిన కుంకుమ చున్నీ మీద పడింది. అది పోలేదు. మూడుసార్లు ఉతికి, మరకతోనే తిరిగి ఇచ్చింది. ఆ అక్క ఏమీ అనలేదు. 'ఏమన్నా అంటే బాగుండు,' అంది చిన్నమ్మ. వాళ్లు తర్వాత ఇల్లు అమ్మేసి వెళ్లిపోయారు. 30 ఏళ్లుగా ఆ రాత్రి గుర్తొస్తే చిన్నమ్మకు డాన్స్ గుర్తురాదట, మరకే గుర్తొస్తుందట.

'ఇప్పుడు నువ్వు అది నాదే అని ఊరంతా చెప్తివి. ఆ అక్క చూస్తే ఏమనుకుంటది?'

నాకు ఐకాన్‌లా కనిపించినది ఆమెకు అప్పులా ఉంది. అదే 15 సెకన్లు. రీల్ అక్కడే కూర్చుని తీసేశాను. అప్పటికే కొందరు సేవ్ చేసుకుని వాళ్ల పేజీల్లో పెట్టుకున్నారు. అవి నేను తీయించలేను. అందుకే ఈ ఎపిసోడ్‌లో ఆ క్లిప్ చూపించట్లేదు. కథ చెప్పడానికి మాత్రం చిన్నమ్మ ఒప్పుకుంది, ముఖం వద్దు, పేరు వద్దు అని. ఒకవేళ సీతాఫల్‌మండిలో ఒక గులాబీ డ్రెస్ అప్పుగా ఇచ్చిన అక్క ఎక్కడైనా ఇది వింటుంటే, మా చిన్నమ్మ మిమ్మల్ని మర్చిపోలేదు.

పాత వీడియో మన ఇంట్లో ఉంటే అది మనదే అనుకుంటాం. క్యాసెట్ మనది కావచ్చు. అందులో ఉన్నవాళ్లు మాత్రం వాళ్ల వాళ్లే. పెట్టేముందు అడగండి, ఫోన్ చేసి అడగండి.

టేపుతో నేను చేసిన తప్పు

ఇక రెండో తప్పు. ఇది టెక్నికల్, కానీ నాకు ఎక్కువ ఖరీదైంది.

మా పెళ్లి క్యాసెట్లు మూడు. మొదటిదీ మూడోదీ బాగున్నాయి. ఈ చేతిలో ఉన్న రెండోదాని కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడిలా కనిపిస్తుంది. దుమ్మనుకున్నాను. ఆదివారం సంతలో కొన్న పాత వీసీఆర్‌లో పెట్టి నొక్కేశాను. రెండు నిమిషాలు బొమ్మ మీద గీతలు, తర్వాత కరకరమని శబ్దం, తర్వాత నీలం తెర. తీసి చూస్తే టేపు లోపల నలిగిపోయి ఉంది.

ఆ తెల్లటి పొడి ఫంగస్. వానాకాలం తేమలో అట్టపెట్టెలో ఉంటే పడుతుంది. వీసీఆర్ లోపల టేపును చదివే హెడ్లు ఒక డ్రమ్ మీద ఉంటాయి, అది నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. ఫంగస్ ఉన్న టేపు పెడితే ఆ మురికి హెడ్లకు అంటుకుంటుంది, టేపు పట్టేసుకుని చిరుగుతుంది. అదే వీసీఆర్‌లో తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కూ అంటుతుంది.

కోఠిలో ఒక పాత మెకానిక్ దాన్ని విప్పి, శుభ్రం చేసి, నలిగిన ముక్క కత్తిరించి, మిగతాది అతికించి ఇచ్చాడు. పోయింది నాలుగు నిమిషాలు. అది ఎదుర్కోళ్ల భాగం. అందులో అమ్మమ్మ మాట్లాడుతుందట, నవ్వుతూ ఏదో అంటుందట. వీడియో ఆయన మిగతా క్యాసెట్లంతా అసలు మాటలు తీసేసి సినిమా పాటలు మిక్సింగ్ చేశాడు, ఆ ఒక్కచోట మాత్రం వదిలేశాడు. అమ్మమ్మ నేను చిన్నప్పుడే పోయింది. ఆమె గొంతు ఉన్నది అక్కడొక్కచోటే. నేను వినలేదు. ఇక వినను కూడా.

అమ్మ నన్ను ఏమీ అనలేదు. 'ఏమన్నా అంటే బాగుండు' అన్న చిన్నమ్మ మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

మీ ఇంట్లో క్యాసెట్ ఉంటే

అందుకే ఇది శ్రద్ధగా వినండి. లేదా స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ముందు ప్లే చేయకండి. కిటికీలోంచి టార్చ్ వేసి చూడండి. తెల్ల మచ్చలు, పొడి, బూజు వాసన ఉంటే తెలిసిన మనిషితో శుభ్రం చేయించాకే వీసీఆర్‌లో పెట్టాలి. క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది ఇంకా ఉంటే విరిచేయండి, అప్పుడు పొరపాటున రికార్డ్ నొక్కినా పాతది చెరిగిపోదు.

వీసీఆర్‌ను ముందు పనికిరాని సినిమా క్యాసెట్‌తో పరీక్షించండి. అది నమలకపోతేనే పెళ్లి క్యాసెట్ పెట్టండి. వీసీఆర్ నుంచి కంప్యూటర్‌కు ఎక్కించడానికి యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కావాలి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు పడుతుంది, షార్ట్‌కట్ లేదు. టీవీ ముందు ఫోన్ పెట్టి తీయడం ఆఖరి దారి మాత్రమే.

ఎక్కించిన ఫైల్‌ను అలాగే ఒకటి దాచండి. ఎడిట్లు, ఫిల్టర్లు అన్నీ కాపీ మీదే. రెండు వేర్వేరు చోట్ల పెట్టండి, ఒక్క ఫోన్‌లో మాత్రం ఉంచకండి. యూట్యూబ్‌లో పెడితే ఆ మిక్సింగ్ పాటలకు కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు, అది కూడా తెలిసి ఉండండి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఏ చీర ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఎవరు కుట్టారు, ఎవరికి ఇచ్చారు. టేపులో రంగు అబద్ధం, పాట అతికించింది. నిజం వాళ్ల దగ్గరే ఉంది.

తొందరగా చేయండి. ప్రపంచంలో వీసీఆర్‌లు చివరిదాకా తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. ఉన్నవి పాడైతే కొత్తవి రావు. బాగుచేసే మెకానిక్‌లకు వయసైపోతోంది. టేపు ఏడాదికేడాది పాడవుతోంది. రెట్రో ఫ్యాషన్ వచ్చే ఏడాదీ ఉంటుంది, దానికేం తొందర లేదు. క్యాసెట్‌కే ఉంది.

నా జాకెట్టు వచ్చే వారం రెడీ అవుతుందన్నాడు టైలర్. అమ్మ తన మెరూన్ చీర ఒకసారి కట్టుకోమంది, మడతల దగ్గర చిరగకుండా చూసుకోమంది. ఆర్ట్స్ కాలేజ్ దగ్గరికే వెళ్తాం, ఇద్దరం. ఈసారి ఫిల్టర్ వేయను, నెమళ్లు కనిపించాలి.

మీ ఇంట్లో ఏ క్యాసెట్ ఉంది? దాంట్లో ఎవరున్నారు? ముందు వాళ్లకు ఒక ఫోన్ కొట్టండి. ఆ తర్వాత నాకు చెప్పండి.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!